గుర్తులేని 38 రోజులను రాయడం ఎలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. నాలుగేళ్ళ క్రితం నిద్ర పట్టకపోవడంతో మొదలై, రెండు వారాలు తిరిగేసరికి ఇంట్లోవాళ్ళనే అనుమానించే స్థితికి చేరానట. మొదట చూసిన డాక్టరు ఒత్తిడి అన్నారు. రెండో ఆయన స్కిజోఫ్రీనియా అని మందులు మొదలుపెట్టారు. ఫిట్స్ వచ్చి మాట పడిపోయాక, వేరే ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే, మెదడు కణాల మీద ఉండి సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల మీద, రోగాలతో పోరాడాల్సిన సొంత యాంటీబాడీలే దాడి చేసే మెదడువాపు అని తేలింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇదే జబ్బు నుంచి బయటపడిన అమెరికన్ పాత్రికేయురాలు సుసానా కహాలన్ రాసుకున్న పుస్తకం ఈమధ్య చదివాను. నా కథ కూడా రాయాలనిపించింది. కానీ ఆసుపత్రిలో గడిపిన 38 రోజుల్లో నాకు గుర్తున్నది ఒక్కటే: మంచం పక్కన నీలం తెర, దాని వెనక ఎవరో నా పేరు పిలవడం. అన్నయ్యేమో ఆ వార్డులో తెరలన్నీ తెల్లవే అంటాడు. గుర్తులేనిది రాస్తే అబద్ధం కాదా? నాన్న నాకు విషం పెడుతున్నారని ఆ రోజుల్లో అరిచానట. అది రాయొద్దని అమ్మ అంటోంది. నాకు పిచ్చి అని ముద్ర వేసిన డాక్టరు పేరు మాత్రం రాసి తీరాలని ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ ఆ నీలం తెర దగ్గర చాలాసేపు ఆగిపోయాను. డాక్టరు మీద మీ కోపం, అమ్మగారి భయం రెండూ అర్థమయ్యేవే, వాటికి జవాబు చెప్పడం మరీ కష్టమేమీ కాదు. మీరు రాయబోయే పుస్తకాన్ని పాఠకులు నమ్ముతారా లేదా అన్నది మాత్రం ఆ తెరను మీరు ఎలా రాస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందుగా 'మర్చిపోయాను' అన్న మాటను పక్కన పెట్టండి. ఒక సంఘటన జ్ఞాపకంగా నిలవాలంటే మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలోని నాడీకణాల మధ్య సంబంధాలు బలపడాలి, ఆ పనికి ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు తప్పనిసరి. మీ జబ్బులో యాంటీబాడీలు వెళ్ళి ఆ రిసెప్టర్లకే అతుక్కుంటాయి. అతుక్కున్నవాటిని కణం తన పైపొర మీద నుంచి లోపలికి లాగేసుకుంటుంది. కణం మాత్రం చాలావరకు బతికే ఉంటుంది, యాంటీబాడీలు తగ్గాక రిసెప్టర్లు మళ్ళీ పైకి వస్తాయి. ఒకప్పుడు మాట పడిపోయిన మీరు ఈరోజు ఇంత పొందికైన ఉత్తరం రాయగలిగారంటే అందుకు కారణం ఇదే. అయితే రిసెప్టర్లు తగ్గిపోయిన ఆ రోజుల్లో జరిగినవి చాలావరకు మీ మెదడులో నమోదే కాలేదు. పలక మీద రాసి చెరిపేసిన అక్షరాలైతే వెలుగుకు ఎత్తి చూస్తే మసకగానైనా కనిపిస్తాయి. ఆ రోజుల్లో మీ దగ్గర బలపమే లేదు.

ఇది ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, జబ్బు నుంచి లేచినవాళ్ళు చాలామంది కళ్ళు మూసుకుని గట్టిగా ప్రయత్నిస్తే ఆ రోజులు తిరిగొస్తాయని నమ్ముతారు, ఎవరైనా హిప్నాటిస్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు. లేనిదాన్ని అంత పట్టుదలగా వెతికితే మనసు ఖాళీ చేతులతో రాదు, ఏదో ఒకటి అల్లి తెస్తుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్‌తో కలిసి 1995లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారన్న కల్పిత సంఘటనను ఇంట్లోవాళ్ళు చెప్పిన నిజమైన సంఘటనల మధ్య కలిపి 24 మందికి ఇస్తే, వారిలో దాదాపు నాలుగో వంతు మంది అది తమకు పూర్తిగానో కొంతగానో గుర్తుందన్నారు. వాళ్ళు ఆరోగ్యవంతులు. మీరైతే నాలుగేళ్ళుగా అమ్మ నోట, అన్నయ్య నోట ఆ రోజుల కథ వింటూనే ఉన్నారు. ఆ నీలం తెర రెండో ఆసుపత్రిలోదో, తేరుకుంటున్న రోజుల్లో చూసిన మరో గదిలోదో, ఎప్పుడో చూసిన సినిమాలోదో కావచ్చు. అన్నయ్యే పొరబడి ఉండటానికీ వీలుంది, ఎందుకంటే ఆయన కూడా ఆ రోజుల్లో నిద్ర లేకుండా తిరిగిన మనిషే.

అందుకని తెర రంగు తేల్చాల్సిన బాధ్యత మీ మీద పెట్టుకోకండి. "నాకు నీలం తెర గుర్తుంది. అన్నయ్య తెల్లదంటాడు." ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే నిజం. 'తెర నీలంగా గాలికి ఊగుతోంది' అని రాసిన క్షణాన మీరు భయపడుతున్న అబద్ధం మొదలవుతుంది. గుర్తులేనిదాన్ని రాయడంలో తప్పు లేదు, గుర్తున్నట్టు రాయడంలో ఉంది.

మీరు చదివిన పుస్తకం నిలబడిందీ ఈ కారణంగానే అని నా అభిప్రాయం. 2009లో జబ్బు పడినప్పుడు కహాలన్‌కు 24 ఏళ్ళు, న్యూయార్క్ పోస్ట్‌లో విలేఖరి. 2012లో పుస్తకం తెచ్చినప్పుడు ఆమె తన గురించి తాను ఒక విలేఖరి రాసినట్టే రాశారు: ఫిట్స్ కోసం పెట్టిన కెమెరాల్లో రికార్డయిన ఆసుపత్రి వీడియోలు, వైద్యుల కాగితాలు, నాన్న రాసుకున్న డైరీ, అమ్మానాన్నలు ఒకరికొకరు కబురు అందించుకోవడానికి ఉంచుకున్న నోటుపుస్తకం, చూసినవాళ్ళతో మాటలు. అందులో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం ఆమెకు జ్ఞాపకం ఉన్నందువల్ల వచ్చింది కాదు. ఆమె జబ్బును పట్టుకున్న న్యూరాలజిస్టు డాక్టర్ సుహేల్ నజ్జార్ గడియారం బొమ్మ గీయమంటే ఆమె పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే ఇరికించి ఎడమ సగాన్ని ఖాళీగా వదిలేశారు. మెదడు కుడివైపు వాచిందని ఆయనకు అనుమానం వచ్చింది ఆ కాగితం చూశాకే. ఆ బొమ్మ కాగితం మీద ఉంది కాబట్టి పుస్తకంలోకి వచ్చింది. మీ కథలోనూ అలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది, కానీ అది గడియారం బొమ్మ కానక్కర్లేదు, కాకపోతేనే మంచిది. అచ్చయిన ఒక కథను మూసగా పెట్టుకుని దానిలో తన అనుభవాన్ని పోసే రాతప్రతులు నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి, నాలుగో పేజీకే తెలిసిపోతుంది.

ఆ కాగితాలను ఎలా తెచ్చుకోవాలో చెబుతాను. రెండు ఆసుపత్రుల్లోనూ డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా పూర్తి కేస్‌షీట్ కోసం రాతపూర్వకంగా అడగండి. వైద్యుల నోట్స్ కంటే మీకు నర్సుల నోట్స్, మందులిచ్చిన చార్టులు ఎక్కువగా ఉపయోగపడతాయి. వైద్యుడు రోజుకు ఒకటి రెండు సార్లు వస్తాడు, నర్సు రాత్రంతా అక్కడే ఉంటుంది. ఆమె రాసిన ఒక వరుస ఇలా ఉండవచ్చు: 'రాత్రి 2.10. నిద్ర లేదు. మంచం దిగబోయారు. పేరు అడిగితే జవాబు లేదు. పెదవులు ఆగకుండా కదులుతున్నాయి.' ఇంతే. దీన్ని చూడగానే 'ఆ కటిక చీకటిలో నా ఆత్మ ఏవో లోకాలకు దారి వెతుక్కుంటోంది' అని విస్తరించాలని చేయి లాగుతుంది. లాగనివ్వకండి. ఆ వరుసను ఉన్నదున్నట్టు పుస్తకంలో దించి, దాని కింద ఇప్పటి మీరు ఒక మాట రాయండి: పెదవులు అలా ఆగకుండా కదలడం ఈ జబ్బు ముఖ్య లక్షణాల్లో ఒకటని, ఆ రాత్రి దాన్ని కాగితం మీద పెట్టిన నర్సుకు దాని అర్థం తెలియకపోయినా ఆమె చూసిందని. రాసింది మీరే అయినా, కనిపించిన మనిషి మీరే అయినా, చూసిన కళ్ళు వేరొకరివని చదివేవారికి తెలుస్తూ ఉండాలి.

ఇంట్లోవాళ్ళను విడివిడిగా కూర్చోబెట్టుకుని అడగండి. అమ్మ, అన్నయ్య కలిసి కూర్చుంటే పది నిమిషాల్లో ఇద్దరి కథా ఒకటైపోతుంది, ఎవరి గొంతు పెద్దదైతే వారిదే నిలుస్తుంది. 'అప్పుడు ఏమైంది?' అని అడిగితే నాలుగేళ్ళుగా చెప్పి చెప్పి అరిగిన కథే వస్తుంది. 'ఆ రోజు పొద్దున నువ్వు ఏ బస్సులో వచ్చావు, వచ్చేసరికి నేను కూర్చుని ఉన్నానా పడుకుని ఉన్నానా?' అని అడిగితే, వాళ్ళు అంతవరకూ ఎవరికీ చెప్పనిది బయటికి వస్తుంది. ఆనాటి ఫోను సందేశాలు దొరికితే తేదీలు సరిచూసుకోవడానికి వాటిని మించిన సాక్ష్యం లేదు. ఇక ఆసుపత్రి కాగితాలు చదవడం మీరనుకున్నంత తేలిక కాదు. తన కేస్‌షీట్ తాను చదవడమంటే, ముక్కూమొహం తెలియని మనిషి కష్టాన్ని దొంగచాటుగా చూసినట్టు ఉంటుంది. ఒకేసారి అంతా తిరగేయకుండా, పక్కన మీకు నచ్చిన మనిషి ఒకరుండగా, కొంచెం కొంచెంగా చదవండి.

ఇక నాన్నగారి సంగతి. విషం పెడుతున్నారన్న అనుమానం ఈ జబ్బులో మీ ఒక్కరికే వచ్చింది కాదు. మొదటి వారాల్లో దగ్గరివాళ్ళ మీదికే అనుమానం మళ్ళడం తరచూ కనిపించేదే. ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను అడ్డుకునే కెటమిన్ వంటి మందులు ఆరోగ్యవంతుల్లో సైతం కాసేపు భ్రమలు, అనుమానాలు పుట్టించగలవు. ఆ లెక్కన మీ నోటి నుంచి వచ్చిన మాట వెనక మీ మనసులో దాచుకున్న రహస్యం ఏదో ఉందని ఎవరూ అనుకోనక్కర్లేదు, మీరూ అనుకోకండి. అమ్మగారు వద్దనడంలో నాకు వినిపిస్తున్నది పరువు భయం కంటే నాన్నగారి బాధ. ఆ మాట విన్నది ఆయన, నాలుగేళ్ళుగా దాన్ని మోస్తున్నదీ ఆయనే, అయినా మీ ఉత్తరంలో ఆయన ఏమన్నారో ఒక్క ముక్క లేదు. ముందు ఆయన్ని అడగండి. రాయమంటారా వద్దంటారా అని కాకుండా, ఆ రాత్రి మీరు అలా అన్నాక ఆయన ఏం చేశారో, తర్వాత మీకు అన్నం ఎవరు తినిపించారో అడగండి. ఆయన చెప్పింది విన్నాక రాయాలనిపిస్తే, రాసిన పేజీలు ముందు ఆయన చేతికే ఇవ్వండి. ఆయన వద్దంటే తీసేయండి. మీ జబ్బు మీది, రాసే హక్కూ మీదే, కానీ ఆ ఒక్క రాత్రి ఆయనది కూడా. నా సొంత మొగ్గు అడిగితే, ఆయన ఒప్పుకుంటే అది పుస్తకంలో ఉండాలనే అంటాను, ఎందుకంటే ఇలాంటి నింద మోస్తున్న తండ్రి ఇంకొకరు ఎక్కడో ఉంటారు, జబ్బు ఇలా కూడా మాట్లాడిస్తుందని ఆయనకు చెప్పేవాళ్ళు ఉండకపోవచ్చు.

డాక్టరు పేరు రాయకండి. పరువునష్టం దావా ఒక కారణం, అచ్చుకు ఇచ్చే ముందు న్యాయవాదికి ఎలాగూ చూపించాలి. కానీ నా అసలు కారణం వేరు. పేరు రాసేస్తే పాఠకుడు తప్పు ఆ ఒక్క మనిషిదని తీర్మానించుకుని ఊపిరి పీల్చుకుంటాడు. పేరు తీసేసి, ఏ తేదీన మీలో ఏ లక్షణం ఉంది, ఆ రోజు ఎవరు ఏం చెప్పారు, ఏం చేశారు అన్నది వరుసగా పెడితే, తప్పు ఏ రోజు మొదలైందో పాఠకుడే వేలుపెట్టి చూపిస్తాడు. ఆ వరుస రాస్తున్నప్పుడు న్యాయంగా ఉండండి. నిద్ర పట్టడం లేదని, ఆందోళనగా ఉందని మూడో రోజున వచ్చిన 23 ఏళ్ళ అమ్మాయిని చూసి ఒత్తిడి అనడం అజ్ఞానం కాదు. అలా వచ్చేవాళ్ళలో దాదాపు అందరికీ ఉండేది అదే. ఇది ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. న్యూరాలజిస్టు జోసెప్ డాల్మౌ బృందం 12 మంది స్త్రీలలో దీనికి కారణమైన యాంటీబాడీని గుర్తించి ప్రకటించినదే 2007లో. రెండేళ్ళకు జబ్బు పడిన కహాలన్ తాను ప్రపంచంలో నిర్ధారణ అయిన 217వ మనిషినని రాశారు. దానికి ముందు ఇదే జబ్బుతో వచ్చినవాళ్ళు ఏ పేరు తగిలించుకుని, ఏ వార్డుల్లో ఉండిపోయారో లెక్క లేదు.

మరి మీరు జబ్బు పడేనాటికి ఇది పాఠ్యపుస్తకాల్లో ఉంది కదా అని మీరడగవచ్చు. నిజమే. కాబట్టి మీ నిలదీతను మొదటి డాక్టరు మీద కాకుండా రెండో దశ మీద పెట్టండి. అప్పటికి జ్వరం వచ్చి తగ్గిందా? ముఖం, చేతులు వాటంతట అవే కదలడం మొదలైందా? మాట తగ్గిపోవడం గురించి అమ్మ చెప్పిందా, చెబితే ఎవరైనా రాసుకున్నారా? 'స్కానింగ్ నార్మల్, మెదడులో ఏమీ లేదు' అని ఎవరైనా అన్నారా? ఈ జబ్బులో దాదాపు సగం మందికి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మందికి, మొదటి ఎంఆర్ఐ మామూలుగానే ఉంటుంది. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీలో మాత్రం ఎక్కువమందికి తేడా కనిపిస్తుంది, రక్తంలో దొరకని యాంటీబాడీ ఒక్కోసారి వెన్నునీటిలో దొరుకుతుంది. ఇంకో చిక్కు ఉంది: ఈ రోగులకు మానసిక వ్యాధుల మందులు తరచూ పడవు, కండరాలు బిగుసుకుని జ్వరం వస్తుంది, అది మందు వల్ల వచ్చిందా జబ్బు వల్ల వచ్చిందా అన్నది తెలిసిన వైద్యులకే తికమక. తెలియక పొరబడినవారు, చెబుతున్నా విననివారు ఒకటి కాదు. మీ కోపం రెండోవారి మీద ఉంటే దానికి బలం ఉంటుంది.

'ముద్ర' అన్నారు కాబట్టి ఒక మాట కొంచెం నిక్కచ్చిగా చెప్పక తప్పదు. 'నాకున్నది పిచ్చి కాదు, నిజమైన జబ్బు' అన్న వాక్యం ఇలాంటి రాతప్రతుల్లో దాదాపు తప్పకుండా వస్తుంది, చప్పట్లు కూడా తెచ్చిపెడుతుంది. కానీ ఆ వాక్యాన్ని స్కిజోఫ్రీనియాతో బతుకుతున్న మనిషి చదివితే ఏమనిపిస్తుందో ఆలోచించండి: మీరు తప్పించుకున్న గదిలో ఆయన ఇంకా ఉన్నాడు, ఆ గది నిజమైనది కాదని మీరు బయటి నుంచి చెబుతున్నారు. మీ మీద జరిగింది తప్పుడు నిర్ధారణ. స్కిజోఫ్రీనియా తిట్టు కాదు. అంతే కాకుండా, మీ పుస్తకం చదివే కుటుంబాల్లో ఎక్కువమంది ఇంట్లోని మనిషికి ఉన్నది మీ జబ్బు కాదు. స్టిరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్లు, ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్ వంటి, యాంటీబాడీలను అదుపు చేసే చికిత్సలున్న జబ్బు నుంచి తేరుకున్న మీ కథ చదివి, పనిచేస్తున్న మందులు మానేసి వెన్నునీటి పరీక్ష కోసం పరుగెత్తేవారు ఉంటారు. ఏ లక్షణాలు చూస్తే అనుమానించాలో మీరే స్పష్టంగా రాయండి: వారాల వ్యవధిలో, ఎక్కువలో ఎక్కువ మూడు నెలల్లోపు, ముంచుకొచ్చిన మార్పు, దానికి తోడు ఫిట్స్, మాట తగ్గడం, తెలియకుండా కదలికలు, స్పృహ మందగించడం, గుండె వేగం, రక్తపోటు కారణం లేకుండా ఎగసిపడటం. ఆడవాళ్ళలో అండాశయాల స్కానింగ్ ఎందుకు చేస్తారో కూడా రాయండి. టెరటోమా అనే గడ్డలో నాడీ కణజాలం ఉండవచ్చు, దాని మీద తయారైన యాంటీబాడీలే మెదడు మీదికి మళ్ళుతాయి, గడ్డ తీసేయడమే చికిత్సలో ముఖ్య భాగమవుతుంది. 577 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 38 శాతం మందికి గడ్డ ఉంది, దాదాపు అన్నీ ఇలాంటివే. మీ ఉత్తరంలో ఈ ప్రస్తావన లేదు; మీకు ఈ పరీక్ష జరిగిందో లేదో కేస్‌షీట్‌లో చూసుకోండి.

డిశ్చార్జితో కథ ముగించకండి. ఆ తర్వాతి కాలం మీకు గుర్తుంది, పూర్తిగా మీదే, ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. పైన చెప్పిన అధ్యయనంలోనే రెండేళ్ళకు 81 శాతం మంది బాగా కోలుకున్నట్టు తేలింది, కోలుకోవడం జబ్బు మొదలైన ఏడాదిన్నర దాకా కొనసాగింది. ఆసుపత్రి నుంచి వచ్చేసిన మనిషి బయటికి మామూలుగా కనిపిస్తూ, టీ పెట్టడానికి ఏది ముందు ఏది తర్వాతో తేల్చుకోలేక స్టవ్ ముందు నిలబడిపోయే రోజులుంటాయి. మీకూ అలాంటివి ఉండి ఉంటే, పుస్తకంలో వాటికి ఆసుపత్రి రోజులకంటే ఎక్కువ చోటు ఇవ్వండి. రెండేళ్ళలో 12 శాతం మందికి జబ్బు తిరగబెట్టినట్టు కూడా అదే అధ్యయనం చెప్పింది. మీరు ఆ గడువు దాటారు, సంతోషం, అయినా రాసే పనిలో పడి నిద్ర చెడగొట్టుకోకండి. ఎప్పుడైనా కారణం లేకుండా వరుసగా నిద్ర పట్టకపోతే అది పుస్తకం వల్లేనని మీకు మీరే తేల్చేసుకోకుండా మీ న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి.

ఆసుపత్రికి ఉత్తరం రాయడానికి ముందు, అన్నయ్యను ఇంకేమీ అడగడానికి ముందు, ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. ఒక తెల్ల కాగితం మీద తేదీ వేసి, ఆ నీలం తెర గురించి మీకున్నదంతా రాయండి: మంచానికి ఏ వైపు ఉంది, మడతలు ఎలా ఉన్నాయి, పిలిచిన గొంతు ఆడదా మగదా, పేరు పూర్తిగా పిలిచారా ఇంట్లో పిలిచినట్టు పిలిచారా. తెలియని చోట తెలియదనే రాయండి. కేస్‌షీట్ చదివిన మర్నాటికే ఆ తెర రంగు మారిపోవచ్చు, మారిందని మీకు తెలియకపోవచ్చు కూడా. ఆ కాగితాన్ని మడిచి కవర్లో పెట్టి అంటించి, మొదటి రాతప్రతి పూర్తయ్యేదాకా తెరవకండి.